పారిపోకండి, పిటిషన్ వేయండి: మద్యం రవాణా కేసులో ముందస్తు బెయిల్ గురించి

(ఆదివాసీ యువత కోసం పెట్టుకున్న న్యాయ అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడేది పోడు పట్టా గురించి కాదు, 1/70 గురించి కాదు. మన ఊళ్లలో పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడే ఒక కేసు గురించి. అదే మద్యం కేసు. పోడు కేసు పెడితే ఊరంతా వెంట నడుస్తుంది. ఫారెస్టోళ్లు పట్టుకుంటే సంఘం స్టేషన్ ముందు కూర్చుంటుంది. మద్యం కేసు అనగానే మాత్రం అందరూ పక్కకు తప్పుకుంటారు. "వాడి ఖర్మ, ఎవడు చేయమన్నాడు" అంటారు. దాంతో ఆ కుర్రాడు ఒంటరివాడవుతాడు. ఒంటరివాడికి మొదట తోచేది ఒకటే, పారిపోవడం.

ఆ పారిపోవడమే వాడి కేసును పాడుచేస్తుంది. ఈ మాట మీకు అర్థమైతే చాలు, నేను వచ్చిన పని సగం అయినట్టే.

ముందు మనవాళ్లు ఇందులో ఎలా ఇరుక్కుంటారో చూద్దాం. ఒక రాష్ట్రంలో మద్యం ధర ఒకటి, పక్క రాష్ట్రంలో ఇంకొకటి. పన్నులో తేడా ఎంతుంటే దొంగ రవాణాలో లాభం అంత. సరిహద్దులో ఎవరుంటారు? మనమే ఉంటాం. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్ర కలిసే చోటల్లా కొండదారులు తెలిసింది మన పిల్లలకే. పెట్టుబడి పెట్టేవాడు టౌన్‌లో ఉంటాడు. అమ్మేవాడు బెల్టు షాపులో ఉంటాడు. బండి తోలేవాడు మాత్రం మన కుర్రాడు. ఒక ట్రిప్పుకి ఇంత అని చేతిలో పెడతారు. లోడులో ఏముందో ఒకడికి తెలుసు, ఒకడికి తెలియదు. ఇంకొకడు తన ఆటో బాడుగకిచ్చి ఇంట్లో పడుకుని ఉంటాడు.

చెక్‌పోస్టు దగ్గర బండి ఆపుతారు. తోలేవాడు దొరుకుతాడు, వాడు ఏ-1. స్టేషన్‌లో వాడి దగ్గర స్టేట్‌మెంట్ రాస్తారు. లోడు ఎత్తిందెవరు, బండి ఎవరిది, ఫోన్‌లో ఎవరి నంబరుంది అని అడుగుతారు. అలా ఏ-2, ఏ-3 పుట్టుకొస్తారు. పొద్దున్నే ఊళ్లో ఫోన్ మోగుతుంది. "ఒరేయ్, నీ పేరు కూడా రాశారంటరా." అప్పటికి మీ దగ్గర ఒక్క సీసా కూడా దొరకలేదు. మీరు బండిలో లేరు. అయినా మీరిప్పుడు ముద్దాయి.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి కొండెక్కడం, లేకపోతే హైదరాబాద్ పోయి కూలి పనిలో కలిసిపోవడం. రెండోది కోర్టు దారి. దాని పేరు ముందస్తు బెయిల్.

ముందస్తు బెయిల్ అంటే ఏమిటి

అరెస్టయ్యాక అడిగేది మామూలు బెయిల్. అరెస్టు చేస్తారేమోనన్న భయానికి తగిన కారణం ఉన్నప్పుడు ముందే కోర్టుకు వెళ్లి, "ఒకవేళ నన్ను అరెస్టు చేస్తే బెయిల్‌పై వదలమని ఆదేశించండి" అని అడిగేది ముందస్తు బెయిల్. పాత సీఆర్‌పీసీలో ఇది 438వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇది 482వ సెక్షన్. ఒక తికమక ఉంది, గుర్తుపెట్టుకోండి. పాత చట్టంలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టును అడిగే సెక్షన్. అది ఇప్పుడు 528 అయింది. ఎవరైనా "482 వేద్దాం" అంటే, పాతదా కొత్తదా అని అడగండి.

ఈ పిటిషన్ మేజిస్ట్రేట్ కోర్టులో వేయరు. సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ వేయాలి. మామూలుగా ముందు సెషన్స్‌కు పోతారు, అక్కడ కొట్టేస్తే హైకోర్టుకు. మనకు దగ్గరున్నది మేజిస్ట్రేట్ కోర్టు. సెషన్స్ కోర్టుకు పోవాలంటే ఘాట్ దిగాలి. పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్లు పైనే. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. చట్టం అందరికీ ఒకటే అంటారు గానీ, కోర్టు అందరికీ ఒకే దూరంలో లేదు. అందుకే ఈ పని ఒక్క కుటుంబం మీద వదలకూడదు అంటున్నాను.

"ఎఫ్‌ఐఆర్ కాపీ నా దగ్గర లేదు, నేను పిటిషన్ వేయలేను" అని చాలామంది ఆగిపోతారు. 1980లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గురుబక్ష్ సింగ్ సిబ్బియా కేసులో చెప్పింది, ఎఫ్‌ఐఆర్ కట్టకముందే కూడా ముందస్తు బెయిల్ అడగవచ్చు. అయితే ఉత్త భయం చాలదు. ఎందుకు భయపడుతున్నారో కారణం చూపాలి. "ఫలానా తేదీన ఫలానా చోట బండి పట్టుకున్నారు, బండి నా పేరు మీద ఉంది, పోలీసులు మా ఇంటికి వచ్చి అడిగారు" అని స్పష్టంగా రాయాలి. "నా మీద ఎప్పుడు ఏ కేసు పెట్టినా అరెస్టు చేయొద్దు" అనే గంపగుత్త ఉత్తర్వు మాత్రం ఏ కోర్టూ ఇవ్వదు.

ఇంకో భయం, ఈ బెయిల్ నాలుగు రోజులే ఉంటుందని. 2020లో సుశీలా అగర్వాల్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం ఆ సందేహం తీర్చింది. ముందస్తు బెయిల్‌కు సాధారణంగా గడువు పెట్టనక్కర్లేదు, విచారణ ముగిసేదాకా కొనసాగవచ్చు అంది. ప్రత్యేక కారణాలుంటే మాత్రం కోర్టు గడువు పెట్టవచ్చు.

మీ మీద రాసిన సెక్షన్ ఏది

మద్యం కేసు అంటే అన్నీ ఒకటి కాదు. నాటు సారా అయితే ఎక్కువగా 1995 నాటి మద్య నిషేధ చట్టం 7-ఏ, 8(ఇ) సెక్షన్లు రాస్తారు. పన్ను కట్టని బాటిళ్ల రవాణా అయితే 1968 నాటి ఎక్సైజ్ చట్టం 34(ఎ). నల్లబెల్లం, పటిక దొరికితే అదే చట్టంలో 34(ఇ). బెల్లం దానంతట అది నేరం కాదు. సారా కాయడానికే తీసుకెళ్తున్నారని చూపాల్సిన బాధ్యత కేసు పెట్టినవాళ్లదే.

శిక్షలు సవరణలతో మారుతూ వచ్చాయి. కాబట్టి వకీలు దగ్గర కూర్చోగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: "సార్, నా మీద రాసిన సెక్షన్‌కు ఇప్పుడు గరిష్ఠ శిక్ష ఎంత?" ఈ ప్రశ్న ఎందుకంటే, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు దానంతట అది జరిగిపోకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు కారణాలు రాయాలి. అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలి. మన ఊళ్లలో "41-ఏ నోటీసు" అంటారే, అదే. కొత్త చట్టంలో అది 35(3). ఆ నోటీసుకు హాజరై సహకరిస్తున్నవాడిని, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు.

కొన్నిసార్లు హైకోర్టు ముందస్తు బెయిల్ ఇవ్వకుండా, "నోటీసు పద్ధతి పాటించండి" అని పోలీసులకు చెప్పి పిటిషన్ ముగిస్తుంది. బయటికి వచ్చి "బెయిల్ రాలేదు" అని ఏడవకండి. అది కూడా రక్షణే. ఆ ఉత్తర్వు కాపీ జేబులో పెట్టుకుని, నోటీసు రాగానే వెళ్లండి.

సరిహద్దు దాటితే లెక్క మారుతుంది. బీహార్‌లో 2016 నాటి మద్య నిషేధ చట్టం ముందస్తు బెయిల్ తలుపే మూసేసింది. మధ్యప్రదేశ్ చట్టంలో సరుకు 50 లీటర్లు దాటితే మూసుకుపోతుంది. తెలంగాణ, ఆంధ్ర కోర్టుల్లో మద్యం కేసులకు ఆ తలుపు తెరిచే ఉంది. వేరే రాష్ట్రంలో కేసు కడితే, అక్కడి కోర్టుకు వెళ్లేదాకా కొద్దిరోజుల రక్షణ ఇక్కడి సెషన్స్ కోర్టునో హైకోర్టునో అడగవచ్చని 2023లో ప్రియా ఇందోరియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు రాష్ట్రాల అంచున బతికే మనకు ఈ తీర్పు చాలా అవసరం.

ఇంకొక్క మాట. గంజాయి కేసును దీనితో కలపకండి. అది ఎన్‌డీపీఎస్ చట్టం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది, బెయిల్ షరతులే వేరు. "పక్కూరోడికి మద్యం కేసులో బెయిల్ వచ్చింది కదా, నాకూ వస్తుంది" అని ఎవడైనా లోడు ఎత్తితే వాడి కొంప మునుగుతుంది.

జడ్జి ఏం చూస్తారు

మీరు మంచివాళ్లా కాదా అని కాదు. నాలుగు విషయాలు చూస్తారు. సరుకు ఎంత. అందులో మీ పాత్ర ఏమిటి. పాత కేసులున్నాయా. మిమ్మల్ని కస్టడీలోకి తీసుకుని విచారించాల్సిన అవసరం ఉందా, వదిలితే పారిపోతారా.

సరుకు మీ దగ్గర దొరకలేదనుకోండి, ఏ-1 చెప్పిన మాట తప్ప వేరే ఆధారం లేదనుకోండి, అది పిటిషన్‌లో బలంగా రావాలి. పోలీసు ముందు ముద్దాయి ఒప్పుకున్నాడని చెప్పే మాట సాక్ష్యంగా చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో అది 23. అలాగని "ఏ-1 మాట చెల్లదు కాబట్టి నాకు భయం లేదు" అనుకోవద్దు. దర్యాప్తులో ఫోన్ కాల్స్ లెక్క తీస్తారు, డబ్బు పంపిన లెక్క తీస్తారు. మీ వకీలుకు నిజం చెప్పండి. డాక్టరు దగ్గర జబ్బు, వకీలు దగ్గర నిజం దాచకూడదు. పాత కేసు ఉంటే చెప్పండి. ముందు ఒకసారి పిటిషన్ వేసి కొట్టేస్తే అదీ చెప్పండి. దాచి వేసిన పిటిషన్ బయటపడితే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

ఇప్పుడు పారిపోవడం దగ్గరికి వద్దాం. కోర్టు ఒకసారి మిమ్మల్ని పరారీలో ఉన్న ముద్దాయిగా ప్రకటించిందంటే, ఆ తర్వాత ముందస్తు బెయిల్ దొరకడం చాలా కష్టం. సుప్రీంకోర్టు ఈ మాట పదేపదే చెప్పింది. నిజానికి ఏ-4గా, చిన్న పాత్రతో, ఒక నోటీసుతో పోవాల్సిన కుర్రాడు రెండేళ్లు దాక్కుని పెద్ద నేరస్తుడిలా కనిపిస్తాడు. అడవి మనకు తెలుసు, నిజమే. అడవిలో మనల్ని ఎవరూ పట్టుకోలేరు, అదీ నిజమే. కానీ వారెంటుకు వయసు పెరగదు. మీరు కొండ మీద ఉన్న రోజుల్లో ఇంటికి వచ్చి అడిగేది మీ అమ్మని. రేపు కానిస్టేబుల్ ఉద్యోగానికో, హాస్టల్ వార్డెన్ పోస్టుకో మీ పేరు విచారణకు వచ్చినప్పుడు ఎదురొచ్చేది ఆ పరారీ కాగితమే.

బెయిల్ వచ్చాక

ఉత్తర్వు వచ్చిందంటే కేసు పోయినట్టు కాదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. చెప్పిన గడువులోగా దర్యాప్తు అధికారి ముందుకు వెళ్లాలి. పూచీకత్తు ఇవ్వాలి, జామీన్లు పెట్టాలి. వారానికి ఒకసారి స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టాలి. విచారణకు పిలిస్తే పోవాలి. సాక్షుల జోలికి పోకూడదు. వీటిలో ఒకటి తప్పినా బెయిల్ రద్దు చేయమని పోలీసులు అడుగుతారు. సంతకానికి వెళ్లిన ప్రతిసారీ తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. పిలిచి కూర్చోబెట్టి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. "ఏం రాశారో చదివి వినిపించండి సార్" అని మర్యాదగా అడగండి. ఆ మాట అడగడం సహకరించకపోవడం కిందికి రాదు.

జామీను దగ్గర మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. ఆస్తి కాగితం ఎక్కడిది? 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. అతనికి పదివేల రూపాయల జామీను అడిగారు. అతని అన్నదమ్ముడు జామీను ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం అది తప్పంది, పేదవాడి స్థోమతకు మించి జామీను అడగకూడదంది. మీ వకీలును ఈ తీర్పు చూపించి, జామీను మొత్తం తగ్గించమని అడిగించండి.

బండి సంగతి కూడా చెప్పాలి. ఫైనాన్స్ మీద తీసుకున్న ఆటో స్టేషన్ ఆవరణలో ఎండకి ఎండి వానకి తడుస్తుంటే, ఈఎంఐ మాత్రం ఆగదు. పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో అలా కుళ్లబెట్టొద్దని 2002లో సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మద్యం కేసులో బండిని జప్తు చేసే అధికారం ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్‌కు ఉంటుంది. అందుకే బెయిల్ పిటిషన్‌తో పాటే బండి గురించి కూడా అడగండి. దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. జప్తు నోటీసు వస్తే జవాబు ఇవ్వకుండా వదిలేయకండి.

డబ్బు లేదు, వకీలు లేడు అంటే

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయంతో పని లేదు. కుల ధ్రువీకరణ పత్రం పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. లేదా మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లండి. 15100 నంబరుకు ఫోన్ చేయండి. ముందస్తు బెయిల్‌కు కూడా వాళ్లు వకీలును ఇస్తారు. "అమ్మో, ఫ్రీ వకీలు సరిగా చేయడు" అని మీరు మధ్యవర్తికి ముప్పై వేలు పోసే ముందు ఒక్కసారి ఆ తలుపు తట్టండి. వకీలు పని సరిగా లేకపోతే మార్చమని అదే కార్యాలయంలో అడగవచ్చు. ఇంకో విషయం, "స్టేషన్‌లో మాట్లాడి పేరు తీయిస్తా" అనేవాడికి రూపాయి ఇవ్వకండి. అలా తీసే అధికారం వాడికి లేదు. డబ్బు ఇచ్చాక అడిగే దిక్కు మీకు ఉండదు.

అక్కాచెల్లెళ్లకు ఒక మాట. సారా కేసుల్లో మన ఆడవాళ్ల పేర్లు చాలా వస్తాయి. పొద్దుగూకాక, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వకంగా కారణం చెప్పి మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ఎవరిని అరెస్టు చేసినా కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇవి ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

నిజంగానే తప్పుడు కేసు అయితే? ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(పి) కింద, ఆదివాసీ మీద తప్పుడు, దురుద్దేశపు కేసు పెట్టడమే నేరం. కానీ అది కోపంలో లాగే కత్తి కాదు. తప్పుడు కేసని చూపే ఆధారం ఉన్నప్పుడే, వకీలుతో మాట్లాడి వాడాలి.

ఇది ఒక్కడి కేసు కాదు

చివరగా సంఘం మాట. మద్యం చట్టానికీ మనకూ ఉన్న గొడవ ఈనాటిది కాదు. 1879లో రంప తిరుగుబాటు ఎందుకు లేచింది? ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద చిగురు పన్ను వేసి, కొత్త ఆబ్కారీ నిబంధనలతో చెట్టును కాంట్రాక్టరు చేతిలో పెట్టారు. మన చెట్టు, మన కల్లు, డబ్బు మాత్రం వాడికి. ఈ రోజు సీసా మారింది గానీ ఆ లెక్క మారలేదు. లాభం టౌన్‌కు పోతుంది, కేసు కొండకు వస్తుంది.

అయితే దాన్ని అడ్డం పెట్టుకుని లోడు మోయడం సరైనదని నేను చెప్పను. ఇలవేల్పుకు పోసే ఇప్పసారా వేరు, బెల్టు షాపుకు మోసే బ్రాందీ పెట్టె వేరు. ఆ పెట్టె దిగేది కూడా మన ఊళ్లోనే, మన ఇళ్లే కూలుతున్నాయి. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు ఇచ్చింది. గ్రామసభ పెట్టండి, తీర్మానం రాయండి, బెల్టు షాపు మూయించండి. లోడు ఎక్కించేవాడి పేరు ఊరంతటికీ తెలుసు. ఆ పేరు గ్రామసభలో పైకి రావాలి.

ఊరి కమిటీ చేయగలిగిన చిన్న పనులు నాలుగు చెప్తాను. ఒకటి, న్యాయ సేవాధికార సంస్థ నంబరు, ఇద్దరు వకీళ్ల నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి. రెండు, ఎవరి పేరైనా కేసులో వచ్చిందంటే అదే రోజు ఎఫ్‌ఐఆర్ కోసం చూడాలి. పోలీసులు కట్టిన ఎఫ్‌ఐఆర్ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మారుమూల ప్రాంతమైతే 72 గంటల దాకా పట్టవచ్చు. మూడు, జామీను ఉండగలిగిన ఉద్యోగుల, రైతుల జాబితా ముందే రాసుకోవాలి. నాలుగు, సెషన్స్ కోర్టుకు వెళ్లే రోజు ఆ కుర్రాడి పక్కన ఊరివాడు ఒకడుండాలి.

తప్పు చేశాడా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. తేలేదాకా వాడు మన కుర్రాడే. వాడి పేరు రాశారని తెలిసిన రోజు వాడికి రావాల్సిన మొదటి ఫోన్, "ఎక్కడైనా దాక్కోరా" అని కాకూడదు. "ఇంట్లోనే ఉండు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం తీసి పెట్టుకో, పొద్దున్నే బస్సుకి కోర్టుకి పోదాం" అని ఉండాలి. ఆ ఫోన్ చేసేది మీరే కావాలి.

జోహార్.